తాతకు పుట్టువెంట్రుకలు

గోదావరిఖనిలో తండ్రి అన్‌ఫిట్ అయితేనే కొడుకుకు నౌకరీ. బండి ఫిట్ అయితేనే కొడుకుకు బండి. రెండు చోట్లా అడిగేది వారసత్వ పత్రమే. ఒక చోట డాక్టరు తండ్రి గుండెలోనో నడుములోనో లోపం వెతికి రాయాలి. ఇంకో చోట ఇన్‌స్పెక్టరు బండి బ్రేకులోనూ పొగలోనూ లోపం లేదని రాయాలి. తండ్రి ఆరోగ్యంగా ఉన్నాడని మెడికల్ బోర్డు తేలిస్తే ఇంట్లో ఏడుపు మొదలయ్యే ఊరు భూమ్మీద ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు.

వారసత్వ ఉద్యోగాలంటూ 2016 చివర్లో సింగరేణి బొగ్గు కంపెనీ ఇచ్చిన నోటిఫికేషన్‌ను 2017లో హైకోర్టు కొట్టేసింది, రాజ్యాంగం ఒప్పుకోదంది. ఆ తర్వాత కారుణ్యం పేరుతో పక్క తలుపు తీశారు. బండి విషయంలో ఇంత రాద్ధాంతం లేదు. యజమాని పోయిన 30 రోజుల్లో రవాణా శాఖకు ఒక మాట చెప్పి, మూడు నెలల్లో ఫారం 31 నింపి ఇస్తే సరి, బండి నీదే. తాత బొగ్గుబాయి నౌకరీ కొడుక్కి రాకపోయినా తాత బండి మనవడికి వస్తుంది. రాజ్యాంగానికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

అలా బండి వచ్చిన వారసుడి గురించే ఈ ముచ్చట. ఒక్కడని కాదు, కోల్‌బెల్ట్‌లో ఈ జాతి ఇప్పుడిప్పుడే పెరుగుతోంది. తాత కిరాయిలు చూశాడు, తండ్రి షిఫ్టులు చూశాడు, ఇతను గచ్చిబౌలిలో స్క్రీను చూస్తాడు. దసరాకు ఇంటికొచ్చి, రేకుల కొట్టంలో కోళ్ళు గుడ్లు పెడుతున్న తాత పికప్ బండిని చూసి కళ్ళు తుడుచుకున్నాడు. ఫోనులో నాలుగు ఫొటోలు తీశాడు. "దీన్ని ఒరిజినల్ కండిషన్‌కు తెస్త" అని ప్రకటించాడు. కోళ్ళు ఆ పూటే ఖాళీ చేశాయి, వాటికి నోటీసు కూడా లేదు. ఓపెన్‌కాస్టు కింద పోయిన ఊళ్ళకు కనీసం నోటీసైనా ఇచ్చారు.

బండి ఆషామాషీది కాదు, మహీంద్రా వాళ్ళ ఎఫ్‌సీ-150. 1949లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడంతో బండ్ల వ్యాపారంలోకి దిగిన ఆ కంపెనీ, అమెరికాలో ఈ మోడల్‌కు నూకలు చెల్లిన 1965లో ఇక్కడ తయారీ మొదలుపెట్టింది. దానికి మూతి ఉండదు. అద్దం దాటితే నేరుగా రోడ్డే. డ్రైవరు ఇంజిన్ వెనక కాదు, ఇంజిన్ మీదే కూర్చుంటాడు. ఆ ఇంజిన్ పేరు హరికేన్. మే నెలలో గోదావరిఖనిలో, నెత్తిన సూర్యుణ్ణి, పిర్రల కింద హరికేన్‌ను పెట్టుకుని బండి తోలిన మనిషికి నరకం గురించి ఏ పురాణమూ కొత్తగా చెప్పేదేమీ ఉండదు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 81 అంగుళాలు. ఇరుకు గల్లీల్లో కాలనీ బడ్డీకొట్లను రాసుకుంటూ తిరగడానికి అంతకన్నా మంచి కొలత లేదు.

ఆ తొట్టిలో తాత మోయనిదేమిటి! మార్కెట్ నుంచి టమాటాలు మోశాడు. క్వార్టరు మారే సంసారాలు మోశాడు: మంచం, బొగ్గుల పొయ్యి, తులసి కుండ, అన్నిటి మీదా అమ్మమ్మ. పొద్దున మైకు కట్టి సినిమా ప్రచారం చేస్తే సాయంత్రం అదే మైకు కార్మిక సంఘం మీటింగుకు అరిచేది. రెండేళ్ళకోసారి సమ్మక్క జాతరకు మనుషులనూ బెల్లం బంగారాన్నీ మేకనూ కలిపి ఎక్కించేవాడు. తిరుగు ప్రయాణంలో మేక ఉండేది కాదు. తెల్లారుజామున దవాఖాన నుంచి కిరాయి వస్తే మాత్రం పైసలు అడిగేవాడు కాదు, హారన్ కొట్టేవాడు కాదు.

ఇంత చాకిరీ చేసిన బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఎలా ఉంటుంది? ఉండదు. ఉండాలన్నది వారసుడి కోరిక. బండిని రాజీవ్ రహదారి పక్కన ఒక ఉస్తాద్ షెడ్డుకు లాక్కెళ్ళాడు.

"ఉస్తాద్, ప్రతి బోల్టు ఒరిజినల్‌దే ఉండాలె. పైసల గురించి ఫికర్ చెయ్యకు."

ఉస్తాద్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరును కాలితో తన్నాడు.

"ఒరిజినల్ అంటే ఎప్పటిది బేటా? మీ తాత తెచ్చినప్పటిదా, మా ఉస్తాద్ బాగు చేసినప్పటిదా, నేను బాగు చేసినప్పటిదా?"

"ఫ్యాక్టరీ నుంచి ఎట్ల వచ్చిందో అట్ల."

"అప్పటికి నాకు లాగు గూడ లేకుండె. నన్నడిగితే ఏం చెప్త?"

ముందు రంగు గీకారు. పైన ఎరుపు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద పసుపు. ఎరుపు సంఘం గెలిచిన ఏడాదిది, ఆకుపచ్చ డబ్బాలో మిగిలిందని ఎవరో చవగ్గా ఇచ్చింది, పసుపు పెద్దమ్మాయి పెళ్ళిది. ఎమ్రీ కాగితం అరిగేకొద్దీ కుటుంబ చరిత్ర పొడిపొడిగా రాలి ఉస్తాద్ చెప్పుల కింద పడింది. అన్నిటి అడుగున బూడిద రంగు తేలింది. "ఇదే! ఇదే ఒరిజినల్ కలర్!" అని వారసుడు గంతేసి మళ్ళీ ఫొటో తీశాడు. ఉస్తాద్ వేలితో రుద్ది చూసుకున్నాడు.

"అది ప్రైమర్ బేటా."

తర్వాత నేల. కాళ్ళ కింద రేకు తుప్పు పట్టి చిల్లు పడ్డప్పుడు, బాయిలో పనికిరాదని పడేసిన కన్వేయర్ బెల్టు ముక్కను కొలిచి కోసి పరిచారు. రేకు ఇప్పుడు వేలితో నొక్కితే విరుగుతోంది, బెల్టు మాత్రం చెక్కు చెదరలేదు. కమాన్ పట్టీల బుష్షులు కూడా ఆ జాతి రబ్బరే. కొన్ని బోల్టుల పుట్టుపూర్వోత్తరాలు అడగకపోవడమే మంచిది, అడిగితే కంపెనీ సెక్యూరిటీ వాళ్ళను కూడా కూర్చోబెట్టి అడగాల్సి ఉంటుంది. వారసుడు అన్నిటినీ వేలు పెట్టి చూపించి ఒకటే మాటన్నాడు: "తీసెయ్."

అసలు గొడవ ఇంజిన్ దగ్గర. హరికేన్ పెట్రోలు తాగుతుంది, మామూలుగా తాగదు. 1973 యుద్ధంతో చమురు ధర ఆకాశానికి పోయాక పెట్రోలు జీపుల్లో డీజిల్ ఇంజిన్లు ఎక్కించడం ఈ దేశంలో కుటీర పరిశ్రమ అయింది. తాత కూడా అప్పుచేసి సెకండ్ హ్యాండు డీజిల్ ఇంజిన్ ఒకటి ఎక్కించాడు. దానికీ పాత గేర్‌బాక్సుకూ పొత్తు కుదరదు, బోల్టు రంధ్రాలు కలవవు. మధ్యలో ఒక ఇనుప ప్లేటు కావాలి. ఉస్తాద్ వాళ్ళ ఉస్తాద్ అట్టముక్క మీద రెండు ముఖాల అచ్చులూ తీసుకుని, లేత్ మిషన్ మీద తిప్పించి, రంధ్రాలు వేయించి, ఆకురాయి పెట్టి రుద్ది కూర్చోబెట్టాడు. ఆ ప్లేటు ప్రపంచంలో ఏ కేటలాగులోనూ లేదు. దానికి పార్టు నంబరు లేదు. తెలంగాణలో ఒక ఇంటికి మూడు పూటలా అన్నం పెట్టిన ఆ ఇనుప బిళ్ళను వారసుడు రెండు వేళ్ళతో పట్టుకుని, "జుగాడ్" అని పక్కన పెట్టాడు.

ఇప్పుడు అతనికి హరికేన్ కావాలి. పాత జీపులను ఊడదీసి కొత్త షోకులు చేసే మండి దబ్వాలీకి ఫోను చేశాడు. ఢిల్లీ మాయాపురిలో వాకబు చేశాడు. చెన్నై పుదుపేటలో మనిషిని పెట్టాడు. రాణిగంజ్‌లో కొట్టు కొట్టూ తిరిగాడు. కార్బురేటర్ కోసం అమెరికాకు డాలర్లు పంపాడు. తాత పిల్లల్ని చదివించిన ఇంజిన్‌ను తీసి అవతల పారేసి, తాతను బంకుల దగ్గర బాకీదారును చేసిన ఇంజిన్ కోసం తన పిల్లల చదువు పైసలు పెడుతున్నాడు. ఎప్పుడో వేములవాడ రాజన్నకు ఇచ్చేసిన పుట్టువెంట్రుకలు వెతికి తెచ్చి, డెబ్భై ఏళ్ళ తాతను కూర్చోబెట్టి నెత్తికి జిగురు రాసి అతికించినట్టుంది ఈ యవ్వారం. చేసేవాడికి భక్తే. తాతకే దురద.

ఇంత చేసింది దేనికి? వీఏ నంబరు ప్లేటు కోసం. కేంద్రం 2021 జూలైలో వింటేజ్ బండ్లకు రూల్సు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజిన్ - వేటిలోనూ పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. 20,000 రూపాయలు కడితే పదేళ్ళకు రిజిస్ట్రేషన్, ఆ పైన 5,000 కట్టి పొడిగించుకోవచ్చు. రాష్ట్రం కోడ్ పక్కన వీఏ అనే రెండక్షరాలు మెరుస్తాయి. ఆ అక్షరాలొచ్చాక బండిని రోజూ నడపకూడదు, కిరాయికి తిప్పకూడదు. ప్రదర్శనకూ ర్యాలీకీ పరిశోధనకూ మరమ్మతుకూ పోవచ్చు. ఇంధనం పోయించుకోవడానికి కూడా రోడ్డెక్కవచ్చని రూల్లో దయగా రాశారు. బంకుకు పోయి పెట్రోలు పోయించుకుని, ఆ పెట్రోలుతో ఇంటికొచ్చి, అది అయిపోయాక మళ్ళీ బంకుకు పోవచ్చు. హరికేన్ ఇంజిన్‌కు ఇదొక్కటే పూర్తికాలం ఉద్యోగం.

ఇందులో వారసుడు చదవని వాక్యం ఒకటుంది. ఈ గౌరవం ద్విచక్ర వాహనాలకూ, మనుషులెక్కే కార్లకూ మాత్రమే. సరుకు మోసే బండికి లేదు. రవాణా ఆఫీసు బయట చెట్టు కింద కూర్చునే బ్రోకరు ఈ సంగతి చెప్పి, ఉపాయం కూడా తనే చెప్పాడు.

"తొట్టి తీసి సీట్లు వేయించు అన్నా, కారు కింద రాయిద్దాం."

తొట్టి తీస్తే బాడీ మారినట్టే. బాడీ మారితే ఒరిజినల్ కాదు. ఒరిజినల్‌గా ఉంటే సరుకు బండి, సరుకు బండి అయితే వింటేజ్ కాదు. వారసుడు ఆ చెట్టు కిందే కాసేపు కూర్చున్నాడు.

రూలు రాసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళని నేననను. వాళ్ళకు కావలసింది వాళ్ళు స్పష్టంగానే రాశారు: మోసింది తుక్కు, మోయనిది వారసత్వ సంపద. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళి చూడండి, పసుపు పచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉంటుంది, లోపల సింహాసనం లాంటి సీటుతో. ఆరో నిజాం ముచ్చటపడి ఆర్డరిచ్చి, అది వచ్చేలోగానే 1911లో కన్నుమూశాడు. ఏడో నిజాం దాన్ని ఊరేగింపులకు వాడాడు. మొత్తం జీవితంలో అది తిరిగింది కొన్ని వందల మైళ్ళే. దాన్ని బాగుచేసి అద్దంలా పెట్టారు, జనం టికెట్టు కొని చూస్తారు. 1920లో ఏర్పడ్డ సింగరేణి కాలరీస్‌లో ఎక్కువ వాటా 1945లో కొన్నది కూడా ఆ ఏడో నిజాం సర్కారే. ఆ కంపెనీ పుణ్యాన పుట్టిన ఊళ్ళో, రోల్స్ రాయిస్ జన్మంతా తిరిగినంత దూరం మార్కెట్‌కూ కాలనీలకూ మధ్యనే ఒక్క నెలలో తిరిగిన బండికి మాత్రం కోళ్ళ గూడే మ్యూజియం. న్యాయంగా ఒక మినహాయింపు చెప్పాలి. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పటి ఆల్బియన్ బస్సును ఆర్టీసీ ముచ్చటగా దాచుకుంది. టికెట్టు కొట్టిన బండికి దండ పడటం అరుదు కాబట్టి గుర్తుపెట్టుకున్నాను.

మరి నిజంగా 50 ఏళ్ళ దాకా ఏ బండి అయినా ఎలా బతకాలి? సర్కారు బండ్లు, ప్రభుత్వరంగ సంస్థల బండ్లు 15 ఏళ్ళు దాటితే 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషనే చెల్లదు, నేరుగా తుక్కుకే. ప్రైవేటు కారు అయితే 15 ఏళ్ళు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగింపుకు అంతకుముందు 600 ఉన్నది 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు. పైన హరిత పన్ను. సరుకు బండి అయితే ఎనిమిదేళ్ళు దాటాక ఏటా ఫిట్‌నెస్. పదిహేనో ఏట శవం, యాభయ్యో ఏట దేవుడు. మధ్యలో 35 ఏళ్ళు బండి ఎక్కడుండాలో రూల్లో రాయలేదు. మన వారసుడి తాతకు తెలుసు: రోడ్డు మీద, లోడుతో.

పునరుద్ధరణ అంటే ఏమిటో నేర్చుకోవాలంటే వారసుడు దబ్వాలీ దాకా పోనక్కర్లేదు. పక్కనే రామగుండంలో పెద్ద షెడ్డుంది. బొగ్గును గ్యాసు చేసి యూరియా తీసే ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి, 1999లో మూతపడింది. ఇరవై ఏళ్ళకు పైగా తుప్పు పట్టాక 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్ళీ యూరియా వచ్చింది. 2022 నవంబరు 12న ప్రధాని వచ్చి జాతికి అంకితం చేశారు. ఆరువేల కోట్లకు పైగా పెట్టారు, ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. పేరు మార్చారు, బాడీ మార్చారు. ఇంజిన్ కూడా మార్చారు: కింద బొగ్గు, పక్కన బొగ్గు, ఆరేసిన బట్టల మీద బొగ్గు, యూరియాకు మాత్రం ఎక్కడి నుంచో పైపులో గ్యాసు. దాన్నే పునరుద్ధరణ అన్నారు. నాకేం అభ్యంతరం లేదు, రైతుకు బస్తా అందితే చాలు. నా సందేహమల్లా ఒకటే. పెట్రోలు తీసి డీజిల్ ఎక్కించిన తాత చేసిందీ ఇదే కదా! ఢిల్లీ చేస్తే రిబ్బను కత్తిరించారు, తాత చేస్తే నంబరు ప్లేటు ఇవ్వనంటున్నారు.

రూలు పుస్తకం అక్షరం అక్షరం పాటించి, రామగుండంలో సిసలైన వింటేజ్ అనిపించుకోగలిగింది ఒకటే ఉండేది, బీ-థర్మల్ విద్యుత్ కేంద్రం. 1971 నుంచి అదే ఊరు, అదే యూనిట్, అదే 62.5 మెగావాట్లు, బొగ్గు తప్ప ఇంకోటి ముట్టలేదు. యాభై ఏళ్ళ పరీక్ష దర్జాగా దాటింది. 2024లో దాన్ని మూసేశారు. ఒక్క వారసుడూ ఫొటో తీసుకుని కళ్ళు తుడుచుకున్నట్టు కనపడలేదు.

ఊరినే ఒరిజినల్ కండిషన్‌కు తెమ్మని అడిగితే? జీడీకే-5 ఇంక్లయిన్ గనిలో తాతల తరం భూమి కింద దిగి తట్టలు మోసిన చోటును ఇప్పుడు పైనుంచి తెరిచి ఓసీ-5 అంటున్నారు. గనులు మూసేటప్పుడు భూమిని ఏం చేయాలో మూసివేత ప్రణాళికలు ఉంటాయి, అందుకు ఎస్క్రో ఖాతాలో డబ్బూ ఉంటుంది. ఊరి చుట్టూ మాత్రం మా చిన్నప్పటి పటంలో లేని మట్టిగుట్టలు లేచాయి, వాటికి ముద్దుగా మొక్కలు కూడా నాటారు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కంపెనీ కార్మికులు నలభై వేల దగ్గరికి వచ్చారు. ఆ మిగతా అరవై వేలు ఏ పుదుపేటలో దొరుకుతాయి? వారసుడు అడగడు. అతనికి ఆ ఊరి నుంచి కావలసింది ఒక ఫ్రంటు గ్రిల్లు, రెండు హెడ్‌లైటు రింగులు.

తాజా కబురు: అమెరికా నుంచి కార్బురేటర్ వచ్చింది, కస్టమ్స్‌లో ఉంది. హరికేన్ బ్లాకు ఒకటి దొరికింది, పగులుంది. బండి నాలుగు రాళ్ళ మీద నిలబడి ఉంది. కొట్టం ఖాళీ కాబట్టి కోళ్ళు తిరిగి వచ్చాయి. పెద్ద ఉస్తాద్ చేతి ప్లేటుతో సహా డీజిల్ ఇంజిన్ షెడ్డు మూలన గోనెసంచి కింద ఉంది, నిన్న సెల్ఫు తగిలిస్తే ఒకే దెబ్బకు అందుకుంది.

వారసుడా, దాన్ని పాత ఇనుప సామాను వాడికి కిలోల లెక్కన అమ్మేయకు. ముందు ఉస్తాద్‌ను అడుగు. కొనడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. ఆయన షెడ్డులో ఇంజిన్ పోయిన జీపు ఇంకోటుంది, దాని ఓనరు సోమవారం నుంచి సిమెంటు కిరాయి ఒప్పుకున్నాడు.